మాక్ ఎందుకు పికిల్ కాదు?

పైథాన్ టెస్టింగ్: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈ నెల బెంగళూరు పాఠకుల నుంచి వచ్చిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే ఇబ్బంది గురించి ఉన్నాయి. టెస్ట్‌లో అసలు ఆబ్జెక్టుకు బదులుగా నిలబెట్టిన మాక్‌ను కాష్‌లో పెట్టబోయినా, జేసన్ అనే టెక్స్ట్ రూపంలోకి మార్చబోయినా, మరో ప్రాసెస్‌కు పంపబోయినా టెస్ట్ పడిపోతోందని, లేదా పడిపోవలసిన చోట పడకుండా పాసవుతోందని పాఠకులు రాశారు. వాటిలో ఐదింటికి ఇక్కడ జవాబులు ఇస్తున్నాము. తరచుగా వచ్చే పికిల్ అన్న మాటకు అర్థం, పైథాన్ ఆబ్జెక్టును దాచడానికో పంపడానికో బైట్లుగా మార్చడం. ఈ శీర్షికలో కోడ్ అచ్చు వేయడం లేదు కాబట్టి విషయమంతా మాటల్లోనే చెప్పవలసి వస్తోంది.

ప్రశ్న: నేను బిల్లుల చెల్లింపులు చూసే ఒక కంపెనీలో పనిచేస్తున్నాను. మా సర్వీస్ జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లో ఉంది. ఖాతాదారు వివరాలను ఒకసారి తెచ్చుకుని కాష్‌లో పెట్టి, ఆ తరువాత కాష్ నుంచే తీసుకునే ఫంక్షన్ ఒకటుంది. దానికి టెస్ట్ రాస్తూ ఖాతాదారు స్థానంలో పైథాన్ మాక్ లైబ్రరీ యూనిట్‌టెస్ట్ డాట్ మాక్‌లోని మ్యాజిక్‌మాక్ పెట్టాను. టెస్టుల్లో మేము వాడేది లోకల్ మెమరీ కాష్. అయినా, మ్యాజిక్‌మాక్ క్లాస్‌ను పికిల్ చేయడం కుదరదని, అది యూనిట్‌టెస్ట్ డాట్ మాక్‌లో ఉన్న మ్యాజిక్‌మాక్ కాదని అర్థం వచ్చే ఎర్రర్ వస్తోంది. మ్యాజిక్‌మాక్ మ్యాజిక్‌మాక్ కాకపోవడం ఏమిటి? ఇది పైథాన్‌లోని బగ్గా? మెమరీలోనే ఉండే కాష్‌కు పికిల్‌తో పని ఏమిటి? మా సీనియర్ ఒకాయన మ్యాజిక్‌మాక్ నుంచి చిన్న సబ్‌క్లాస్ చేసి, అందులో డండర్ రెడ్యూస్ మెథడ్ (డండర్ అంటే పేరుకు ముందూ వెనుకా రెండేసి అండర్‌స్కోర్లు ఉన్నది) రాసి ఇచ్చారు. టెస్ట్ పాసైంది. దాన్ని అలాగే ఉంచేయవచ్చునా?
— ఒక పాఠకురాలు, మారతహళ్ళి

జవాబు: ఇది బగ్ కాదు, మాక్ పనిచేసే పద్ధతి నుంచే పుట్టిన ఇబ్బంది. ముందు ఆ పద్ధతి చూద్దాము.

లెన్, ఇంట్, ఇటర్ వంటి వాటిని పిలిచినప్పుడు పైథాన్ వాటికి సంబంధించిన డండర్ మెథడ్‌ను ఆబ్జెక్ట్‌లో వెతకదు, ఆ ఆబ్జెక్ట్ క్లాస్‌లో వెతుకుతుంది. మీరు ఒక మాక్‌ను తీసుకుని దాని లెన్ 3 అని నిర్ణయించారనుకోండి. ఆ సంగతి క్లాస్‌లో రాయక తప్పదు. అయితే మాక్‌లన్నిటికీ ఒకటే క్లాస్ ఉంటే, ఒక మాక్‌కు చెప్పిన లెన్ మిగిలిన మాక్‌లన్నిటికీ అంటుకుంటుంది. అది జరగకూడదు కాబట్టి, మీరు మ్యాజిక్‌మాక్ చేసిన ప్రతిసారీ ఆ లైబ్రరీ లోపల ఆ ఒక్క ఇన్‌స్టెన్స్ కోసమే కొత్త సబ్‌క్లాస్ పుడుతుంది. దానికి పేరు మాత్రం మ్యాజిక్‌మాక్ అనే పెడుతుంది. మామూలు మాక్ క్లాస్‌లోనూ ఇదే ఏర్పాటు. కావాలంటే పైథాన్ ప్రాంప్ట్‌లో రెండు మాక్‌లు చేసి వాటి టైప్‌లు ఒకటేనా అని అడిగి చూడండి, కాదనే వస్తుంది.

ఇక పికిల్ సంగతి. ఇది ఇన్‌స్టెన్స్‌లోని డేటాను రాస్తుంది గానీ క్లాస్ కోడ్‌ను రాయదు. క్లాస్ విషయంలో, అది ఏ మాడ్యూల్‌లో ఉంది, దాని పేరేమిటి అన్న రెండు సంగతులే రాసుకుంటుంది. రాసుకునే ముందు, ఆ మాడ్యూల్‌లో ఆ పేరుతో వెతికితే నిజంగా ఈ క్లాసే దొరుకుతుందా అని సరిచూస్తుంది. మన ఇళ్ళల్లో తాత పేరు పెట్టుకున్న మనవలు నలుగురైదుగురు ఉండడం మామూలే. ఎవరైనా ఊరికి వెళ్ళి ఆ పేరు చెప్పి అడిగితే తాతగారి ఇంటికే దారి చూపిస్తారు. పికిల్‌కు జరిగేది సరిగ్గా ఇదే: చేతిలో ఉన్నది మనవడు, పేరు పట్టుకుని వెళితే ఎదురయ్యేది తాత, ఇద్దరూ ఒకరు కారు కాబట్టి పికిల్ అక్కడే ఆగి ఎర్రర్ ఇస్తుంది. మీరు చూసిన వాక్యానికి అర్థం అదే.

మెమరీ కాష్‌కు పికిల్ ఎందుకన్న మీ రెండో సందేహం న్యాయమైనదే. జాంగో లోకల్ మెమరీ బ్యాకెండ్ తనకిచ్చిన విలువను ఉన్నదున్నట్టు డిక్షనరీలో పెట్టుకోదు, పికిల్ చేసిన బైట్లను పెట్టుకుంటుంది, అడిగినప్పుడు వాటిని విప్పి కొత్త ఆబ్జెక్ట్ ఇస్తుంది. ఉన్నది ఉన్నట్టే దాచి ఉంటే, కాష్‌లో పెట్టిన తరువాత మీ కోడ్ ఆ ఆబ్జెక్ట్‌లో ఏ మార్పు చేసినా కాష్‌లోని విలువ కూడా మారిపోయేది. ప్రొడక్షన్‌లో అలా జరగదు. జాంగో 4.0 నుంచి వచ్చిన రెడిస్ (విడి సర్వర్‌గా నడిచే కాష్) బ్యాకెండ్ కూడా పూర్ణాంకాలు మినహా మిగిలిన విలువలను పికిల్ చేసే పంపుతుంది. అంటే మీ టెస్ట్‌లోని చిన్న కాష్ పెద్ద కాష్ లాగే ప్రవర్తిస్తోంది. దాన్ని డమ్మీ బ్యాకెండ్‌కు మారిస్తే ఎర్రర్ పోతుంది, ఎందుకంటే ఆ బ్యాకెండ్ దేనినీ దాచదు. కానీ అప్పుడు కాష్ నుంచి తిరిగి తీసుకునే దారిని మీ టెస్ట్ తాకనే తాకదు, మీరు పరీక్షించాలనుకున్నదే ఆ దారి కదా.

మీ సీనియర్ చూపిన ఉపాయం చాలాచోట్ల వాడుకలో ఉన్నదే. తనను మళ్ళీ తయారు చేయాలంటే ఏ ఫంక్షన్‌ను ఏ ఆర్గ్యుమెంట్లతో పిలవాలో డండర్ రెడ్యూస్ పికిల్‌కు చెబుతుంది. ఆ మెథడ్‌లో మామూలుగా రాసేది, మ్యాజిక్‌మాక్‌ను ఏ ఆర్గ్యుమెంట్లూ లేకుండా పిలవమని. పికిల్‌కు అసలు మ్యాజిక్‌మాక్ క్లాస్ పేరు మీద సులువుగా దొరుకుతుంది కాబట్టి ఎర్రర్ రాదు. అయితే విప్పినప్పుడు వచ్చేది మీరు పెట్టిన మాక్ కాదు, అప్పుడే పుట్టిన ఖాళీ మాక్. మీరు నిర్ణయించిన రిటర్న్ విలువలు దానిలో లేవు, అంతవరకూ జరిగిన కాల్స్ లెక్క దానికి తెలియదు, మీరు అట్రిబ్యూట్లలో పెట్టిన పేర్లూ మొత్తాలూ మాయమైపోతాయి.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. ఖాతాదారు కేవైసీ పూర్తి కాలేదని మీరు మాక్‌లో ఫాల్స్ పెట్టారనుకోండి. అది కాష్‌లోకి వెళ్ళి వచ్చేసరికి ఆ అట్రిబ్యూట్ స్థానంలో మరో కొత్త మాక్ ఉంటుంది, ఇఫ్ దగ్గర మ్యాజిక్‌మాక్ ఎప్పుడూ ట్రూగానే లెక్కకు వస్తుంది. దాంతో కేవైసీ లేని వ్యక్తికి చెల్లింపు జరిగిపోయే దారిలో కోడ్ నడుస్తుంది. మరో టెస్ట్‌లో మీరు కోరినది కేవైసీ ఉన్న ఖాతాదారు విజయవంతంగా చెల్లించడమే అయితే టెస్ట్ పచ్చగా కనిపిస్తుంది, కానీ కాష్ సరిగా పనిచేసినందువల్ల కాదు. చెల్లింపుల కోడ్‌లో ఇటువంటి పచ్చరంగును నేను నమ్మను. మీ టెస్ట్ నుంచి ఆ సబ్‌క్లాస్‌ను తీసివేయడమే మంచిదని నా అభిప్రాయం.

దాని బదులు ఏం చేయాలి? ముందు ఒక ప్రశ్న వేసుకోండి: ఈ స్థానంలో ప్రొడక్షన్‌లో ఉండే అసలు ఆబ్జెక్ట్ పికిల్ అవుతుందా? మీ ఖాతాదారు జాంగో మోడల్ అయితే తప్పకుండా అవుతుంది. మోడల్ ఇన్‌స్టెన్స్‌ను డేటాబేస్‌లో సేవ్ చేయకుండానే, కావలసిన ఫీల్డులు ఇచ్చి మెమరీలో తయారు చేయవచ్చు, దానికి డేటాబేస్ తగలదు. కాబట్టి మాక్ పెట్టవలసిన చోటు ఖాతాదారు కాదు, ఖాతాదారు వివరాలను బయటి నుంచి తెచ్చే క్లయింట్. ఆ క్లయింట్‌కు మాక్ పెట్టి, దాని రిటర్న్ విలువగా నిజమైన ఖాతాదారును ఇవ్వండి. ఫంక్షన్‌ను రెండుసార్లు పిలిచి, రెండోసారి కూడా సరైన వివరాలు వచ్చాయా, క్లయింట్‌ను మాత్రం ఒక్కసారే పిలిచారా అని చూడండి. క్లయింట్ కాష్‌లోకి వెళ్ళదు కాబట్టి దాని కాల్స్ లెక్క చెక్కు చెదరదు. కాష్‌కు ఇచ్చిన కీ, గడువు సరైనవేనా అన్నది మాత్రమే చూడదలచుకుంటే, దానికి వేరే టెస్ట్‌లో కాష్ సెట్ మెథడ్‌నే ప్యాచ్ చేయండి (టెస్ట్ నడిచేంతసేపు దాని స్థానంలో మాక్ నిలబెట్టండి), అప్పుడు పికిల్ ప్రసక్తే రాదు.

మోడల్ తయారు చేయడం బరువనిపిస్తే సింపుల్‌నేమ్‌స్పేస్ గానీ డేటాక్లాస్ గానీ వాడవచ్చు, లోపలి విలువలు మామూలువైతే రెండూ పికిల్ అవుతాయి. ఒక్క జాగ్రత్త అవసరం. డేటాక్లాస్‌ను టెస్ట్ ఫంక్షన్ లోపల నిర్వచిస్తే అదీ పికిల్ కాదు, ఎందుకంటే మాడ్యూల్‌లో పేరు పట్టుకుని వెతికితే అది దొరకదు. దాన్ని ఫైల్ పైభాగంలో, ఏ ఫంక్షన్‌కూ లోపల కాకుండా రాయాలి. లాంబ్డాలకూ ఇదే కారణంగా ఇదే గతి.

అసలు ఆబ్జెక్ట్ కూడా పికిల్ కానిదైతే, ఉదాహరణకు దానిలో లాక్ గానీ సాకెట్ గానీ ఉంటే, మీ మాక్ ఇచ్చిన ఎర్రర్ నిజం చెబుతున్నట్టే. అప్పుడు సరిచేయవలసింది టెస్ట్‌ను కాదు. అసలు క్లాస్‌లో డండర్ గెట్‌స్టేట్ రాసి ఆ లాక్‌ను పక్కన పెట్టి మిగిలినది మాత్రమే దాచేలా చేయాలి, లేదా ఆ ఆబ్జెక్ట్‌ను కాకుండా దానిలోని వివరాలను మాత్రమే కాష్‌లో పెట్టాలి.

ప్రశ్న: మాక్ లైబ్రరీలో పికిల్ చేయగలిగినది ఒక్కటైనా ఉందా? ఇంటర్వ్యూలో అడిగారు, లేదని చెప్పి వచ్చాను.
— ఒక పాఠకుడు, కోరమంగళ

జవాబు: ఉంది. సెంటినెల్. టెస్ట్‌లో ఒక విలువ ఏమిటన్నది ముఖ్యం కాకుండా, ఇచ్చిన విలువే చివరి వరకూ చేరిందా అన్నది మాత్రమే ముఖ్యమైనప్పుడు దీనిని వాడతారు. పైథాన్ 3.7 నుంచి సెంటినెల్ అట్రిబ్యూట్లు కాపీ చేసినా, పికిల్ చేసి విప్పినా అదే ఆబ్జెక్ట్‌గా తిరిగి వస్తాయి, ఈజ్ తో పోల్చినా నిలబడతాయి. అది ఏ మెథడ్‌కూ జవాబు చెప్పదు, దానిని పిలవలేము, కాబట్టి అనుకోకుండా పాసయ్యే బెడద కూడా తక్కువ. కాష్‌లో పెట్టినది కాష్ నుంచి వచ్చిందా అని చూసే చిన్న టెస్ట్‌కు ఇది సరిగ్గా సరిపోతుంది. డండర్ రెడ్యూస్, డండర్ గెట్‌స్టేట్ వంటి పికిల్ మెథడ్లను మ్యాజిక్‌మాక్‌లో మనమే అమర్చుకోవచ్చు గానీ అవి ముందుగా అమర్చి ఉండవన్న సంగతి కూడా గుర్తుంచుకుంటే తరువాతి ఇంటర్వ్యూలో పనికొస్తుంది.

ప్రశ్న: మేము జీఎస్టీ ఇన్‌వాయిస్‌లను జేసన్‌గా మార్చి మరో సర్వీస్‌కు పంపుతాము. టెస్ట్‌లో ఇన్‌వాయిస్‌కు మ్యాజిక్‌మాక్ వాడితే, మ్యాజిక్‌మాక్ రకం ఆబ్జెక్ట్‌ను జేసన్‌గా రాయలేమని టైప్‌ఎర్రర్ వచ్చింది. జేసన్ రాసే డంప్స్ ఫంక్షన్‌కు డిఫాల్ట్‌గా ఎస్‌టీఆర్ (దేనినైనా స్ట్రింగ్‌గా మార్చేది) ఇవ్వమని ఒకరు సలహా ఇచ్చారు. ఎర్రర్ పోయింది గానీ, దాచిపెట్టిన జేసన్‌తో పోల్చే టెస్ట్ ప్రతిసారీ విఫలమవుతోంది. ఇంకొకరు ఆబ్జెక్ట్ టూ_డిక్ట్ మెథడ్‌ను పిలిచే లాంబ్డాను డిఫాల్ట్‌గా ఇవ్వమన్నారు. అలా చేస్తే రికర్షన్‌ఎర్రర్ వచ్చింది. మూడో ఆయన మొత్తాన్ని ఫ్లోట్‌లోకి మార్చమన్నారు. ఇప్పుడు టెస్ట్ పాసవుతోంది, కానీ ప్రతి ఇన్‌వాయిస్ మొత్తం ఒక్క రూపాయిగానే వస్తోంది. ఎవరి మాట వినాలి?
— ఒక పాఠకుడు, వైట్‌ఫీల్డ్

జవాబు: ముగ్గురి మాటా వినకండి. ముగ్గురూ ఎర్రర్ నోరు మూయించడానికే చూశారు.

జేసన్ లైబ్రరీ తనంతట తాను రాయగలిగినవి డిక్షనరీ, లిస్ట్, టపుల్, స్ట్రింగ్, పూర్ణాంకం, ఫ్లోట్, ట్రూ, ఫాల్స్, నన్ మాత్రమే. వేరే రకం ఎదురైతే డిఫాల్ట్‌గా ఇచ్చిన ఫంక్షన్‌ను పిలుస్తుంది, అది లేకపోతే టైప్‌ఎర్రర్ ఇస్తుంది. ఇంతవరకూ మాక్‌కు ప్రత్యేకమైనది ఏమీ లేదు.

మొదటి సలహా పాటిస్తే మాక్ తన గురించి తాను చెప్పుకునే స్ట్రింగ్ జేసన్‌లోకి వెళుతుంది: కోణపు బ్రాకెట్ల మధ్య మ్యాజిక్‌మాక్ అన్న మాట, పేరు, ఒక పెద్ద ఐడీ అంకె. ఆ ఐడీ మెమరీలో ఆ ఆబ్జెక్ట్ ఉన్న చోటును బట్టి వస్తుంది కాబట్టి టెస్ట్ నడిపిన ప్రతిసారీ మారుతుంది. మీ పోలిక విఫలమవడం మీ అదృష్టమనే చెప్పాలి. పోలిక లేకుండా, వచ్చినది సరైన జేసనేనా అని మాత్రమే చూసే టెస్ట్ అయి ఉంటే ఆ చెత్త స్ట్రింగ్ ఎవరి కంటా పడేది కాదు.

రెండో సలహాలో జరిగినది కొంచెం విచిత్రమైనది. మాక్ మీద టూ_డిక్ట్ పిలిస్తే డిక్షనరీ రాదు, మరో మాక్ వస్తుంది. జేసన్ దానినీ రాయలేక మళ్ళీ డిఫాల్ట్‌ను పిలుస్తుంది, మళ్ళీ ఇంకో కొత్త మాక్ వస్తుంది. ఒకే ఆబ్జెక్ట్ చుట్టూ తిరుగుతుంటే వలయం ఉందని జేసన్ కనిపెట్టగలదు గానీ, ఇక్కడ ప్రతిసారీ వచ్చేది కొత్త ఆబ్జెక్ట్ కాబట్టి కనిపెట్టలేదు. పైథాన్ రికర్షన్ హద్దు దాటే వరకూ అది సాగుతూనే ఉంటుంది.

మూడోది అన్నిటికంటే హానికరం. ఫ్లోట్ అడిగితే 1.0, ఇంట్ అడిగితే 1, లెన్ అడిగితే 0 చెప్పేలా మ్యాజిక్‌మాక్‌ను ముందే అమర్చి ఉంచారు. మీ ఒక్క రూపాయి అక్కడి నుంచి వచ్చింది. మ్యాజిక్ లేని మామూలు మాక్ వాడి ఉంటే ఫ్లోట్ దగ్గరే టైప్‌ఎర్రర్ వచ్చి ఆగిపోయేది. ఇటువంటి చోట్ల మామూలు మాక్ ఎంత నయమో ఆలోచించండి. మ్యాజిక్‌మాక్‌ను అలవాటుగా వాడే టీములు చాలా ఉన్నాయి. డండర్ మెథడ్లు నిజంగా అవసరమైనప్పుడు మాత్రమే దాని జోలికి వెళ్ళాలని నేను అంటాను.

మాక్‌కు స్పెక్ ఇస్తే, అంటే అసలు క్లాస్‌ను నమూనాగా చూపిస్తే, సరిపోతుందేమోనని కొందరు రాశారు. స్పెక్ వల్ల లేని అట్రిబ్యూట్ అడిగితే ఎర్రర్ వస్తుంది, స్పెల్లింగ్ తప్పులు దొరుకుతాయి, అది మంచిదే. కానీ ఉన్న అట్రిబ్యూట్ అడిగితే వచ్చేది ఇంకా మాకే, నిజమైన మొత్తం కాదు. పైగా డండర్ ఇనిట్‌లో మాత్రమే పుట్టే అట్రిబ్యూట్లు క్లాస్‌ను చూసి చేసే ఆటోస్పెక్‌కు కనబడవు.

ఇన్‌వాయిస్ అనేది ప్రవర్తన కాదు, డేటా. దానికి మాక్ అవసరమే లేదు. అసలు ఇన్‌వాయిస్ క్లాస్‌తోనే, వెయ్యి రూపాయల సరుకు, 18 శాతం పన్ను, మొత్తం 1180 అని చేతితో రాసిన విలువలతో ఒకటి తయారు చేయండి. వచ్చిన జేసన్‌ను తిరిగి లోడ్స్‌తో విప్పి, ఒక్కొక్క ఫీల్డ్‌ను మీరు కాగితం మీద వేసుకున్న లెక్కతో పోల్చండి. మాక్ పెట్టవలసినది ఆ జేసన్‌ను అవతలి సర్వీస్‌కు మోసుకుపోయే హెచ్‌టీటీపీ క్లయింట్‌కు.

ఇలా చేసిన వెంటనే మీకు ఇంకొక ఎర్రర్ రావచ్చు. డబ్బు లెక్కలకు మీరు డెసిమల్ వాడుతుంటే, తేదీకి డేట్ వాడుతుంటే, ఆ రెండూ కూడా జేసన్‌కు తెలియని రకాలే. మాక్ ఉన్నంతకాలం ఈ సంగతి టెస్ట్‌లో బయటపడే అవకాశమే లేదు, ఎందుకంటే టెస్ట్‌లోకి డెసిమల్ ఎప్పుడూ రాలేదు. జాంగో వాడేవారికి దానితో వచ్చే జాంగో జేసన్ ఎన్‌కోడర్ డెసిమల్‌ను స్ట్రింగ్‌గా, తేదీలను ఐఎస్ఓ రూపంలో రాస్తుంది. జాంగో లేనివారు ఈ రెండు రకాలను మాత్రమే గుర్తించి, మూడోది ఏది వచ్చినా టైప్‌ఎర్రర్ ఇచ్చే చిన్న డిఫాల్ట్ ఫంక్షన్ రాసుకోవాలి. డెసిమల్‌ను ఫ్లోట్‌గా మార్చి పంపకండి, పైసల దగ్గర తేడాలు వస్తాయి. అవతలి సర్వీస్ స్ట్రింగ్‌ను ఒప్పుకోకపోతే, మొత్తాన్ని పైసల్లో పూర్ణాంకంగా పంపే ఒప్పందం చేసుకోవడం మేలు.

ప్రశ్న: పైటెస్ట్‌ను ఎక్స్‌డిస్ట్‌తో (టెస్టులను ఒకేసారి పలు ప్రాసెస్‌లలో నడిపే ప్లగిన్) నాలుగు వర్కర్ల మీద నడిపితే, వర్కర్లు వేర్వేరు టెస్టులను సేకరించాయని చెప్పి ఆగిపోతోంది. ఒక్క వర్కర్‌తో నడిపితే ఏ ఇబ్బందీ లేదు. ఒకే టెస్ట్‌ను వేర్వేరు విలువలతో నడిపే పారామెట్రైజ్‌లో మాక్‌లు ఇస్తున్నాము.
— ఒక పాఠకురాలు, బెళ్ళందూరు

జవాబు: పారామెట్రైజ్‌లో ఐడీల కోసం రెప్ర్ గానీ ఎస్‌టీఆర్ గానీ ఇచ్చారేమో చూడండి. అలా ఇస్తే పై జవాబులో చెప్పిన ఐడీ అంకె టెస్ట్ పేరులోకి చేరుతుంది, ఒక్కొక్క వర్కర్ వేరే ప్రాసెస్ కాబట్టి ఒక్కొక్క దానిలో ఒక్కొక్క అంకె వస్తుంది, పేర్లు కలవవు. ఆ ఐడీలను తీసివేస్తే ఆర్గ్యుమెంట్ పేరు పక్కన వరుస సంఖ్య పెట్టి పైటెస్టే స్థిరమైన పేరు ఇస్తుంది. లేదా మీరే చదవడానికి వీలైన పేర్లు రాసివ్వండి. మాక్‌లను పారామెట్రైజ్‌లో కాకుండా టెస్ట్ లోపల తయారు చేయడం ఇంకా మంచిది, లేకపోతే ఒకే మాక్ ఆబ్జెక్ట్ కాల్స్ లెక్కతో సహా ఒక టెస్ట్ నుంచి మరో టెస్ట్‌కు పాకుతుంది.

ప్రశ్న: మా సాఫ్ట్‌వేర్ ఖాతాదారులకు ఎస్సెమ్మెస్‌లు పంపుతుంది. పని ఎక్కువ కాబట్టి మల్టీప్రాసెసింగ్ వాడతాము. ఒక టెస్ట్‌లో ప్రాసెస్‌కు టార్గెట్‌గా మాక్ ఇచ్చి, ప్రాసెస్ సజావుగా ముగిసిందా అని చూస్తాము. టెస్టులను తనంతట తాను నడిపే మా సీఐ సర్వర్ లినక్స్, అక్కడ ఏళ్ళ తరబడి పాసవుతోంది. కొత్తగా చేరినవారికి మ్యాక్ లాప్‌టాప్‌లు ఇచ్చారు, వాటిలో పికిల్ ఎర్రర్ వస్తోంది. ఇప్పుడు సర్వర్‌లో పైథాన్ 3.14కు మారాక అక్కడా అదే ఎర్రర్. మాక్‌ను ఒక్కసారే పిలిచారా అని అడిగితే పాత సర్వర్‌లో కూడా సున్నాసార్లు పిలిచారని చెప్పేది, అందుకే ఆ లైన్ తీసివేశాము. ఇంకొక టెస్ట్‌లో మాక్‌ను క్యూలో పెడితే టెస్ట్ ముగియకుండా అలాగే వేలాడుతోంది.
— ఒక పాఠకుడు, ఎలక్ట్రానిక్ సిటీ

జవాబు: మీ ఉత్తరంలో మూడు వేర్వేరు సంగతులు కలిసి ఉన్నాయి, వాటికంటే పెద్దదైన నాలుగోది మీరు రాయలేదు.

కొత్త ప్రాసెస్‌ను మొదలుపెట్టడానికి పైథాన్‌లో ఫోర్క్, స్పాన్, ఫోర్క్‌సర్వర్ అని మూడు పద్ధతులున్నాయి. ఫోర్క్‌లో పిల్ల ప్రాసెస్ తల్లి మెమరీ నకలుతో పుడుతుంది కాబట్టి టార్గెట్‌ను పికిల్ చేయవలసిన అవసరమే ఉండదు. మిగిలిన రెండింటిలో పిల్లకు తల్లి మెమరీ రాదు, టార్గెట్‌నూ ఆర్గ్యుమెంట్లనూ పికిల్ చేసి పంపాలి. విండోస్‌లో ఎప్పుడూ స్పానే. మ్యాక్‌లో సిస్టమ్ లైబ్రరీలు తమంతట తాము థ్రెడ్లు మొదలుపెట్టడం వల్ల ఫోర్క్ చేసిన ప్రాసెస్‌లు కూలిపోయే ప్రమాదం ఉందని పైథాన్ 3.8లో డిఫాల్ట్‌ను స్పాన్‌కు మార్చారు. లినక్స్‌లో డిఫాల్ట్ 3.14లో ఫోర్క్ నుంచి ఫోర్క్‌సర్వర్‌కు మారింది. మీ మ్యాక్ లాప్‌టాప్‌లు ముందుగా చూపించినదే ఇప్పుడు సర్వర్ చూపిస్తోంది.

సున్నాసార్లు అన్న జవాబు కూడా నిజమే. ఫోర్క్‌లో పిలుపు పిల్ల ప్రాసెస్‌లోని నకలు మాక్‌కు అందింది. మీరు అడిగినది తల్లి ప్రాసెస్‌లోని మాక్‌ను. ఆ లైన్ తీసివేసిన తరువాత మీ టెస్ట్ ఏమీ చూడని టెస్ట్‌గా మిగిలింది. ఇక క్యూ విషయానికి వస్తే, మల్టీప్రాసెసింగ్ క్యూలో పుట్ చేసినప్పుడు పికిల్ చేసే పని వెనుక ఉన్న ఒక థ్రెడ్‌లో జరుగుతుంది. అక్కడ ఎర్రర్ వస్తే అది తెరమీద అచ్చవుతుంది తప్ప పుట్ చేసిన మీ కోడ్‌కు చేరదు. అవతల గెట్ చేసినవాడు రాని వస్తువు కోసం ఎదురుచూస్తూ ఉండిపోతాడు. లాగ్‌లో పైకి వెళ్ళి చూస్తే ఆ ట్రేస్‌బ్యాక్ కనిపిస్తుంది. గెట్‌కు ఎప్పుడూ టైమ్‌అవుట్ ఇవ్వండి. ప్రాసెస్‌పూల్ ఎగ్జిక్యూటర్ వాడితే ఈ బాధ లేదు, పికిల్ ఎర్రర్‌ను అది ఫ్యూచర్ (ఫలితాన్ని తరువాత అందించే ఆబ్జెక్ట్) ద్వారా మీకు చేరుస్తుంది.

రాయని సంగతి ఇది. ఎస్సెమ్మెస్ పంపే ఫంక్షన్‌ను ప్యాచ్ చేసి, నిజమైన వర్కర్ ఫంక్షన్‌ను వేరే ప్రాసెస్‌లో నడిపే టెస్టులు మీ దగ్గర ఉండే ఉంటాయి. ఫోర్క్‌లో ప్యాచ్ కూడా నకలుతో పాటు పిల్లకు వచ్చేది. స్పాన్‌లో, ఫోర్క్‌సర్వర్‌లో మీ మాడ్యూల్ ప్యాచ్ లేకుండా విడిగా ఇంపోర్ట్ అవుతుంది. వర్కర్ ఫంక్షన్ మామూలు ఫంక్షన్ కాబట్టి పికిల్ ఎర్రర్ కూడా రాదు. అంటే ఏ హెచ్చరికా లేకుండా అసలు ఎస్సెమ్మెస్ గేట్‌వేకు పిలుపు వెళ్ళిపోతుంది. టెస్టుల్లో నిజమైన ఫోన్ నంబర్లూ నిజమైన గేట్‌వే తాళాలూ ఉంటే సంగతి ఎంత దూరం వెళుతుందో మీకే తెలుసు. 3.14కు మారిన తరువాత ఆ టెస్టులు ఎన్నిసార్లు నడిచాయో, గేట్‌వే వైపు ఏమైనా పంపినట్టు ఉందో ఈ రోజే చూడండి. సీఐ సర్వర్‌లో గేట్‌వే చిరునామాను ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ ద్వారా లోకల్ చిరునామాకు మార్చి ఉంచండి. టెస్ట్ మధ్యలో కాదు, టెస్టులు మొదలుకాకముందే మార్చాలి, ఎందుకంటే ఫోర్క్‌సర్వర్ ఒకసారి మొదలైతే తరువాత మీరు చేసిన మార్పు దానికి తెలియదు.

టెస్టులను తిరిగి రాసేటప్పుడు, పని పంచే కోడ్ ఎగ్జిక్యూటర్‌ను తానే తయారు చేసుకోకుండా బయటి నుంచి తీసుకునేలా మార్చండి. టెస్టుల్లో దానికి థ్రెడ్‌పూల్ ఎగ్జిక్యూటర్ ఇవ్వండి. రెండింటినీ పిలిచే తీరు ఒకటే, థ్రెడ్లకు మెమరీ ఉమ్మడి కాబట్టి పికిల్ ఉండదు, మాక్ కాల్స్ లెక్క సరిగా నిలుస్తుంది, ప్యాచ్ అందరికీ కనిపిస్తుంది. ఎన్ని సందేశాలు పంపారు, విఫలమైనదాన్ని మళ్ళీ ప్రయత్నించారా వంటి ప్రశ్నలన్నీ ఇలాగే అడగండి.

అయితే నిజమైన ప్రాసెస్‌తో నడిచే టెస్ట్ కనీసం ఒకటి ఉండి తీరాలి. దానిలో మాక్ ఉండకూడదు. మాడ్యూల్ పైభాగంలో నిర్వచించిన చిన్న నకిలీ పంపకందారు క్లాస్ ఒకటి రాసి, తనకు వచ్చిన సందేశాన్ని తాత్కాలిక ఫైల్‌లో రాసేలా చేసి, దానిని వర్కర్‌కు ఆర్గ్యుమెంట్‌గా పంపండి. పిల్ల ప్రాసెస్ ముగిశాక తల్లి ప్రాసెస్‌లో ఆ ఫైల్ చదివి పోల్చండి. ప్రాసెస్‌పూల్ ఎగ్జిక్యూటర్‌కు ఎంపీ_కాంటెక్స్ట్ అన్న ఆర్గ్యుమెంట్ పైథాన్ 3.7 నుంచి ఉంది. టెస్ట్‌లో దానికి స్పాన్ కాంటెక్స్ట్ ఇచ్చి ఉంచితే, లాప్‌టాప్ ఏదైనా, సర్వర్‌లో పైథాన్ ఏ వెర్షన్ అయినా టెస్ట్ ఒకే విధంగా నడుస్తుంది, పికిల్ కానిది ఏదైనా దారిలోకి వస్తే కోడ్ రాసినవారి లాప్‌టాప్‌లోనే ఆగుతుంది.